ఫలకిక

డెంగ్యూ వచ్చిన ఇంట్లో ‘ప్లేట్‌లెట్లు పడిపోయాయి’ అంటే గుండె గుభేలుమంటుంది. ఆ ప్లేట్‌లెట్‌కే మన పాఠ్యపుస్తకాల్లో పేరు రక్త ఫలకిక. ఫలకం అంటే పలక. నాటకం నుంచి నాటిక వచ్చినట్టే ఫలకం నుంచి ఫలకిక, అంటే చిన్న పలక. 1882లో వీటి పని వివరించిన ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజ్జొజేరో పెట్టిన ‘పియాస్ట్రినే’ అన్న పేరుకూ అదే అర్థం.

మైక్రోలీటరు రక్తంలో ఇవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. గాయమైనచోట గుమిగూడి రక్తం ఆపుతాయి. గుండె ధమనిలో కొవ్వు పేరుకున్న చోట పగులు వచ్చినా అలాగే గుమిగూడతాయి. ఆ గడ్డ రక్తం దారి మూసేస్తే అదే గుండెపోటు. ప్రాణం నిలిపే గుణమే అక్కడ ప్రాణం తీస్తుంది.

గుండె రోగులకు ఇచ్చే ఆస్పిరిన్‌ను ‘రక్తం పలుచబడే మాత్ర’ అంటాం. నిజానికి అది రక్తాన్ని పలుచన చేయదు, ఫలకికలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. వీటికి కేంద్రకం లేదు కనుక మందు దెబ్బ నుంచి కోలుకోలేవు. వాటి ఆయుష్షు వారం, పది రోజులే. ఆలోగా కొత్తవి పుడుతూనే ఉంటాయి. అందుకే ఆ మాత్ర రోజూ వేసుకోవాలి. స్టెంట్ వేయించుకున్నవారు డాక్టరు చెప్పకుండా దాన్ని ఆపకూడదు.