సుతిలీ, సుద్దముక్క, ఉస్తాద్ నజర్

మన ఇళ్ళల్లో "అలైన్‌మెంట్ పోయింది" అన్న మాట వినని పిల్లలు తక్కువ. హైదరాబాద్ కానీ కర్నూలు కానీ, మెకానిక్ షెడ్డంటే ఒక ఉస్తాద్, ఇద్దరు ముగ్గురు షాగిర్దులు. అయితే ముందు చక్రాలను సరిచేసే ఈ హునర్‌కు మోటారు కంటే పాత తారీఖ్ ఉంది. అందులో ఒక నాఇన్సాఫీ కూడా ఉంది.

గుర్రపు బగ్గీల జమానాలో నాలుగు చక్రాల బండి మలుపు తిరగాలంటే ముందు ఇరుసు మొత్తం మధ్యలో ఒకే చీల మీద తిరిగేది. మన జట్కాకు రెండే చక్రాలు, దానికీ పరేషానీ లేదు. బగ్గీని గట్టిగా తిప్పితే మాత్రం ముందు చక్రాలు పెట్టె కిందికి దూరి, బండి ఒరిగిపోయే ఖత్రా ఉండేది. ఇరుసును కదలనివ్వకుండా చక్రాలనే విడివిడిగా తిప్పే తర్కీబ్‌ను 1750ల చివర్లో ఇంగ్లండు డాక్టర్ ఎరాస్మస్ డార్విన్ ఆలోచించాడు. ఛార్లెస్ డార్విన్‌కు దాదా ఆయన. పేటెంట్ జోలికి పోలేదు.

తర్వాత మ్యూనిక్‌లో బగ్గీలు చేసే కారీగర్ గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ దాన్ని నిజంగా తయారు చేశాడు. మలుపులో లోపలి చక్రం చిన్న వలయంలో, బయటి చక్రం పెద్ద వలయంలో నడుస్తాయి కాబట్టి లోపలిది కాస్త ఎక్కువ తిరగాలి. అసలు కిటుకు అదే. 1818లో లండన్‌లో దానికి పేటెంట్ తీసుకున్నది రుడాల్ఫ్ ఆకర్‌మన్. ఆయన లాంకెన్‌స్పెర్గర్ తరఫు వకీల్ మాత్రమే. ఈరోజు ప్రపంచమంతా "ఆకర్‌మన్ స్టీరింగ్" అంటుంది. ఆకర్‌మన్‌ను దొంగ అనను. ఆయనకూ బగ్గీల ఇల్మ్ బాగా ఉంది, నెల్సన్ జనాజా బండిని గీసింది ఆయనే. కానీ చేతులు ఒకరివి, నామ్ ఇంకొకరిది. మన షెడ్లలో పనిచేసేవాళ్ళకు ఇది కొత్త కిస్సా కాదు.

ఇక మన పాత కార్ల సంగతి. ఇంజను వెనక చక్రాలను నడిపితే, రోడ్డు రాపిడి ముందు చక్రాలను బయటికి విప్పాలని చూస్తుంది. అందుకే నిలబడి ఉన్నప్పుడు వాటి ముందు అంచులు వెనక అంచుల కంటే కాస్త దగ్గరగా ఉంచుతారు. దీన్నే టో-ఇన్ అంటారు. చాలా పాత కార్లలో ఇది అంగుళంలో 1/16 నుంచి 1/8 వంతు దాకా. నడిచేటప్పుడు చక్రాలు సమానంగా వస్తాయి.

అంబాసిడర్ కాలపు ఉస్తాదులు దీన్ని మెషీన్ లేకుండా పట్టేవారు. చక్రం జాకీ మీద లేపి, తిప్పుతూ టైరు నడుమ సుద్దతో, మేకుతో ఒక గీత గీస్తారు. కారు దించి, కొంచెం ముందుకు తోసి నిలుపుతారు. రెండు గీతల మధ్య దూరం ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి, ఇరుసు ఎత్తులోనే కొలుస్తారు. తేడానే టో-ఇన్. వెనక చక్రం నుంచి సుతిలీ లాగి చూసుకునేది వేరే: ఏ పక్క ఎంత వంకరో అది చెబుతుంది. టై రాడ్లు రెండు పక్కలా సమానంగా తిప్పాలి. ఒకవైపే తిప్పేస్తే కారు సీదాగా పోతుంది, స్టీరింగ్ మాత్రం వంకరగా నవ్వుతుంది.

వీటన్నిటికీ ముందు ఖాబిల్ ఉస్తాద్ చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపుతాడు. కింగ్‌పిన్నో బేరింగో అరిగి చక్రం ఆడుతుంటే, ఎంత మహంగా మెషీన్ కొలత అయినా బేకార్.

2014లో ఉత్తరపారా కార్ఖానాలో అంబాసిడర్ తయారీ ఆగింది. సుతిలీ పట్టే చేతులూ తగ్గుతున్నాయి. ఇంట్లో ఇంకా పాత కారు ఉంటే, అరచేయి టైరు మీద అడ్డంగా రాయండి. బయటి నుంచి లోపలికి నున్నగా జారి, లోపలి నుంచి బయటికి ముళ్ళలా గుచ్చుకుంటే, టో-ఇన్ ఎక్కువైంది.