ధ్వజస్తంభం కింద రాగి నాణేలు

ధ్వజస్తంభం నిలబెట్టేటప్పుడు అడుగున బంగారు నాణేలు ఉంచడం ఆనవాయితీ. 19వ శతాబ్దం చివర్లో తిరుమలలో అలాగే ఒక స్తంభం నిలిపారు. తర్వాత అనుమానాలు రేగి ఫిర్యాదు కోర్టుకెక్కింది. తవ్వి చూస్తే పసిడి లేదు, రాగి బయటపడింది. అప్పటి ధర్మకర్త, హాథీరాంజీ మఠం మహంతు భగవాన్ దాస్‌కు జైలుశిక్ష పడింది.

అసలు ఏడుకొండలవాడి బొక్కసం తాళాలు ఉత్తరాది బైరాగుల మఠం చేతికి ఎలా వచ్చాయి? జవాబు లండన్‌లో ఉంది.

18వ శతాబ్దంలో తిరుపతి గుడి రాబడి ఆర్కాటు నవాబులది. యుద్ధఖర్చులకు చెయ్యిచాచిన నవాబు మహమ్మద్ అలీ ఆ రాబడిని ఈస్టిండియా కంపెనీకి తాకట్టుపెట్టాడు. 1801లో నవాబు సీమంతా కంపెనీ వశమయ్యేసరికి గుడీ దానితోపాటే వెళ్లింది. మిరియాలు, బట్టలు కొనడానికి వచ్చిన వర్తకులు ఇప్పుడు నైవేద్యానికి ఎన్ని సోలల బియ్యమో లెక్కగట్టాలి. లెక్కగట్టారు కూడా, అదీ శ్రద్ధగా. కలెక్టర్ స్ట్రాటన్ 1803లో పూజలు, ఖర్చులు, మాన్యాల వివరాలతో నివేదిక తయారుచేశాడు. 1821లో 42 నిబంధనలతో ‘బ్రూస్ కోడ్’ వచ్చింది. గుడిలో ఎవరు ఏ పని చెయ్యాలో, ఎవరి హక్కు ఎంతో ఒక క్రైస్తవ అధికారి పేరుతో చెలామణీ అయిన చట్టం తేల్చిందన్నమాట.

ఇంగ్లండులో మిషనరీలకు ఇది కంటగింపైంది. విగ్రహారాధన మీద వచ్చే డబ్బు మన ఖజానాకు చేరడమేమిటి, గుళ్ల ఉత్సవాలకు మన సిపాయిలు గౌరవ వందనం చెయ్యడమేమిటి అని గొడవ చేశారు. మద్రాసు సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్‌లాండ్ ఈ విషయంలోనే 1838లో రాజీనామా చేశాడు. చివరికి కంపెనీ డైరెక్టర్లు దిగివచ్చారు. 1843లో తిరుమల పాలనను హాథీరాంజీ మఠాధిపతి సేవాదాస్‌కు అప్పగించి చేతులు దులుపుకున్నారు. హిందూ ఆలయం కంపెనీ చెరనుంచి బయటపడటానికి కారణం హిందువుల పోరాటం కాదు, క్రైస్తవుల పాపభీతి.

ఆ మఠానికి మూలపురుషుడు హాథీరాం బావాజీ. స్వామి రాత్రిపూట వచ్చి ఆయనతో పాచికలాడేవాడని, గదినిండా పోసిన చెరకును ఏనుగు రూపంలో వచ్చి తినేశాడని కథ. బావాజీ మావాడేనని బంజారాలు ఇవాళ్టికీ చెప్పుకుంటారు. పాచికలాట కథగా ముచ్చటగానే ఉంటుంది. కానీ వైఖానస అర్చకులు, జియ్యంగార్లు తరతరాలుగా పాతుకుపోయిన చోట రామానంది బైరాగి పెత్తనం అంత తేలిగ్గా చెల్లలేదు. కోర్టు గుమ్మం తొక్కని మహంతు అరుదు. కొండను ఏలిన చివరి మహంతు ప్రయాగదాస్ కాలంలో ఆలయ పాలనకు కోర్టు ఖరారుచేసిన స్కీము మీద వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1907లో తీర్పొచ్చింది. గుడి ఎలా నడవాలో మళ్లీ లండనే చెప్పింది!

అందరు మహంతులనూ భగవాన్ దాస్ గాటన కట్టెయ్యడం అన్యాయం. గుడి పూజలు ఆగకుండా తొంభై ఏళ్లు నడిపింది వాళ్లే. అయితే కోర్టు తప్ప లెక్క అడిగేవాడు లేని ధర్మకర్తృత్వం అది. కంపెనీ తాళాలైతే ఇచ్చింది గానీ, గట్టి తనిఖీని మాత్రం వెంట ఇవ్వలేదు.

మద్రాసులో జస్టిస్ పార్టీ ఆ తనిఖీ పని మొదలెట్టింది. కాళహస్తికి చెందిన పానగల్ రాజా ముఖ్యమంత్రిగా ఉండగా దేవాదాయ చట్టం వచ్చింది. 1933లో తిరుమలకు ప్రత్యేక చట్టం అమల్లోకొచ్చి, మహంతుల ఏలుబడి ముగిసింది. కమిటీ, కమిషనర్ వచ్చారు. కంపెనీ వదులుకున్న పెత్తనం మద్రాసు ప్రభుత్వం చేతికి మళ్లీ వచ్చింది. ఈసారి పాపభీతితో ఎవరూ రాజీనామా చెయ్యలేదు.

మిగిలింది మిరాశీ. అర్చకత్వంలో, ప్రసాదాల్లో వంశపారంపర్య వాటాలు అలాగే ఉండిపోయాయి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1987 చట్టంతో వాటిని రద్దుచేసింది. అర్చకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996లో కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారమనీ, అతను చేసే పూజ మాత్రం మతానికి చెందినదనీ గీత గీసింది.

నవాబులు పోయారు, కంపెనీ పోయింది, మహంతులు కొండ పాలననుంచి తప్పుకున్నారు. ఆలయంలో మాత్రం ‘పేష్కారు’ అనే ఉద్యోగి ఇంకా ఉన్నాడు. ఆ పారసీ మాటను మార్చాలని ఏ చట్టానికీ తోచలేదు.