కంప్యూటర్ క్లస్టర్ల పర్యవేక్షణ

పదులు మొదలు వేల దాకా సర్వర్లను నెట్‌వర్కుతో కలిపి ఒకే యంత్రంలా పనిచేయించే ఏర్పాటును క్లస్టర్ అంటారు. వాటిలో ఏది నడుస్తోంది, ఏది ఆగింది, ప్రాసెసరు, మెమరీ, డిస్కుల మీద భారమెంత, వేడి ఎంత అని ఎడతెగకుండా కనిపెట్టి ఉండటమే పర్యవేక్షణ.

మెయిన్‌ఫ్రేముల కాలంలో ఈ పని ఆపరేటర్లదే. 1983 నాటి 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో ప్రతి యంత్రం తన భారాన్ని నెట్‌వర్కులో చాటేది. కొన్ని నిమిషాలు కబురు లేకపోతే ‘రప్‌టైమ్’ ఆదేశం దాన్ని ఆగిపోయినట్టు చూపేది. నెట్‌వర్కు పరికరాల యోగక్షేమాలు అడిగే ఎస్‌ఎన్‌ఎంపీ పద్ధతి 1988లో వచ్చింది.

1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు కంప్యూటర్లతో బేవుల్ఫ్ అనే క్లస్టర్‌ను నిర్మించాక చవక క్లస్టర్లు పెరిగాయి, చెడిపోయే యంత్రాలూ పెరిగాయి. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ విడుదల చేసిన పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ నెట్‌సెయింట్ 2002లో నాగియోస్‌గా మారింది. ఒక్క తనిఖీ తప్పగానే ఇది గగ్గోలు పెట్టదు; నిర్ణీత సంఖ్యలో మళ్లీ పరీక్షించాకే హెచ్చరిస్తుంది. సర్వరే ఆగిందా, దానికి దారిచూపే స్విచ్ ఆగిందా అన్న తేడానూ పట్టుకుంటుంది.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మిలీనియం ప్రాజెక్టు కింద మాట్ మాసీ మొదలుపెట్టిన గాంగ్లియా ఇంకా చక్కని నిర్మాణం. అందులో ప్రతి సర్వరూ తన కొలతలను క్లస్టరంతటికీ వినిపిస్తుంది. విలువ చెప్పుకోదగ్గంతగా మారినప్పుడో, గడువు తీరినప్పుడో మాత్రమే పంపుతుంది గనుక పర్యవేక్షణే భారం కాదు. అందరి స్థితీ అందరికీ తెలుసు కాబట్టి ఏ ఒక్క సర్వరును అడిగినా మొత్తం క్లస్టర్ సంగతి చెబుతుంది. కొలతలు టోబియాస్ ఓటికర్ రాసిన ఆర్‌ఆర్‌డీటూల్ ఫైళ్లలో చేరతాయి; పాతవి సగటులుగా కుదించుకుపోతాయి, ఫైలు మాత్రం పెరగదు. దీని రూపకల్పనపై మాసీ, బ్రెంట్ చున్, డేవిడ్ కల్లర్‌ల పరిశోధనపత్రం 2004లో వెలువడింది. 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో పుట్టిన ప్రొమీథియస్ ఇందుకు భిన్నంగా తానే వెళ్లి కొలతలు తెచ్చుకుంటుంది.

భారతదేశంలో ప్రభుత్వ సంస్థ సీడాక్ 1991లో పరమ్ 8000 సూపర్‌కంప్యూటర్‌ను తయారుచేసింది. 2015లో రూ. 4,500 కోట్లతో ఆమోదం పొందిన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద హైదరాబాద్ ఐఐటీకి 838 టెరాఫ్లాప్స్ ‘పరమ్ సేవ’ దక్కింది. క్లస్టర్ల నిర్వహణకు సీడాక్ సొంతంగా సీ-చక్షు అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించింది.

రాయలసీమలో ఈ విద్యకు దగ్గరి చుట్టం సౌరవిద్యుత్ రంగంలో కనిపిస్తుంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల వద్ద 1,000 మెగావాట్ల పార్కు 2017లో ఉత్పత్తి ప్రారంభించింది. ఇలాంటి కేంద్రాల్లో స్కాడా వ్యవస్థ సర్వర్లకు బదులు ఇన్వర్టర్లను కనిపెట్టి ఉంటుంది. ఇక్కడ చిక్కు మరో రకం: ఉత్పత్తి పడిపోతే పరికరం చెడిందో, మబ్బు కమ్మిందో ఆ ఒక్క అంకె చెప్పదు. అందుకే ఎండ తీవ్రతను కొలిచే పరికరపు లెక్కతోనూ పక్క ఇన్వర్టర్ల లెక్కతోనూ పోల్చి చూస్తారు. పక్కవన్నీ మామూలుగా నడుస్తూ ఒక్కటే తగ్గితే మనిషిని పంపుతారు.