సూపర్‌హీరో టీవీ సిరీస్‌లు: కామిక్స్ సృష్టికర్తల పేర్లు

సూపర్‌హీరో టీవీ సిరీస్‌లో ఎపిసోడ్ మొదట్లోనో చివర్లోనో, పాత్రను సృష్టించినవారు ఫలానావారని టైటిల్స్‌లో ఒక వాక్యం పడుతుంది. ఆ పాత్రను మొట్టమొదట కామిక్ పుస్తకంలో రాసిన రచయితకు, గీసిన చిత్రకారుడికి దక్కే గుర్తింపు అదే. చాలా సిరీస్‌లలో ఆ వాక్యం సగమే ఉంటుంది, కొన్నిట్లో అసలు ఉండదు. అమెరికాలో ఎవరి పేరు వేయాలో నిర్ణయించింది ఎక్కువగా ఒప్పంద పత్రాలే. ఆ తర్వాతి స్థానం పత్రికల్లో రేగిన అలజడిది. న్యాయం, మర్యాద ఆ రెండింటి వెనకే నడిచాయి.

దీనికి మూలం కామిక్స్ వ్యాపారం మొదలైన తీరులోనే ఉంది. 1930లలో ప్రచురణకర్తలు పేజీకి ఇంతని ఇచ్చి కథను, బొమ్మలను, పాత్రను హక్కులతో సహా కొనేసేవారు. హక్కులన్నీ వదులుకుంటున్నట్టు చెక్కు వెనకే ముద్రించి, దాని కింద సంతకం చేయించుకున్న సంస్థలూ ఉన్నాయి. ఆ సంతకం పెట్టకపోతే చెక్కు మారేది కాదు. సినిమా, టీవీ రచయితల వెనుక బలమైన సంఘం నిలబడింది. కామిక్స్‌వారికి అలాంటి సంఘం ఏనాడూ నిలదొక్కుకోలేదు. చట్టమూ అక్కరకు రాలేదు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా ఆ రచన తనదేనని చెప్పుకొనే హక్కు రచయితకు మిగులుతుంది. అమెరికాలో మాత్రం దృశ్యకళాకారుల కోసం 1990లో తెచ్చిన చట్టం పుస్తకాలనూ పత్రికలనూ, కిరాయికి చేసిన పనినీ వదిలేసింది. అంటే కామిక్స్ మొత్తం దాని పరిధి బయటే ఉండిపోయాయి.

సూపర్‌మ్యాన్: పోయి తిరిగొచ్చిన పేర్లు

క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో సూపర్‌మ్యాన్‌ను అమ్మేశారు. పేజీకి 10 డాలర్ల లెక్కన 13 పేజీలకు 130 డాలర్లు వచ్చాయి. మొదట్లో కథల మీద వాళ్ల పేర్లు పడేవి. 1947లో హక్కుల కోసం కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది రాజీ కుదిరాక కామిక్స్ మీద నుంచి ఆ పేర్లు మాయమయ్యాయి. జార్జ్ రీవ్స్ నటించిన సూపర్‌మ్యాన్ టీవీ సిరీస్ 1952 నుంచి 1958 దాకా నడిచింది. దేశమంతా ఆ సిరీస్ చూస్తున్న రోజుల్లో కన్నవారి పేర్లు సొంత పత్రికలోనే లేవు.

1975లో సూపర్‌మ్యాన్‌తో భారీ సినిమా తీస్తున్నారన్న వార్త వచ్చింది. అప్పటికి సీగెల్ లాస్ ఏంజిలిస్‌లో గుమాస్తా. షుస్టర్‌కు చూపు దాదాపు పోయింది. సీగెల్ తన గోడంతా రాసి పత్రికలకు పంపాడు. చిత్రకారులు నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ ఆ పోరాటాన్ని భుజానికెత్తుకున్నారు. ఏడాది చివరికి, సూపర్‌మ్యాన్ హక్కులున్న వార్నర్ సంస్థ దిగొచ్చి ఒక్కొక్కరికి ఏటా 20,000 డాలర్లు ఇవ్వడానికీ పేర్లు తిరిగి వేయడానికీ ఒప్పుకుంది. 2001లో మొదలైన స్మాల్‌విల్‌లోనూ, ఆ తర్వాతి సిరీస్‌లలోనూ కనిపించే సీగెల్, షుస్టర్ల పేర్లు ఆ ఒప్పందపు ఫలమే. ఏ న్యాయమూర్తీ ఈ తీర్పు ఇవ్వలేదు. సినిమా విడుదలకు ముందు చెడ్డపేరు వస్తుందన్న భయమే ఇక్కడ పనిచేసింది.

బిల్ ఫింగర్

ఈ చరిత్రలో అందరికన్నా ఎక్కువ అన్యాయానికి గురైనవాడు బిల్ ఫింగర్. 1914లో డెన్వర్‌లో పుట్టి న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పెరిగాడు. చెప్పుల దుకాణంలో అమ్మకాలు చేస్తూ కథలు రాసుకునేవాడు. 1939లో బాబ్ కేన్ అనే చిత్రకారుడు ఒక కొత్త హీరో బొమ్మ గీసి అతనికి చూపించాడు. ఎర్రటి బిగుతు దుస్తులు, కళ్లకు చిన్న ముసుగు, వీపున బిర్రుగా నిలబడే రెక్కలు ఉన్న బొమ్మ అది. ఫింగర్ ఆ రెక్కలు తీసేసి, అంచులు గబ్బిలం రెక్కల్లా ఉండే అంగీ వేయమన్నాడు. తలంతా కప్పే చెవుల ముసుగు పెట్టి, కనుపాపలు తీసేసి కళ్లను తెల్లగా వదిలేయమన్నాడు. దుస్తులకు బూడిదరంగు, నలుపు సూచించాడు. ప్రపంచం ఇవాళ గుర్తుపట్టే బ్యాట్‌మ్యాన్ ఆ మార్పుల తర్వాతి బొమ్మే.

బ్రూస్ వేన్ అన్న పేరు పెట్టిందీ, 1939 మే నాటి డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో వచ్చిన తొలి బ్యాట్‌మ్యాన్ కథ రాసిందీ ఫింగరే. ఊరి పేరు కోసం టెలిఫోన్ డైరెక్టరీ తిరగేస్తుంటే ఒక నగల దుకాణం పేరులో గోథమ్ కనిపించిందని అతనే చెప్పాడు. రాబిన్, జోకర్, పెంగ్విన్, క్యాట్‌వుమన్, అందరిలోనూ అతని చేయి ఉంది. ఒప్పందం మాత్రం కేన్ తన ఒక్కడి పేరు మీదే రాసుకున్నాడు. తెర వెనుక ఎవరు రాసినా, ఎవరు గీసినా దశాబ్దాల పాటు పైన కేన్ సంతకమే పడింది.

1966లో ఆడమ్ వెస్ట్ బ్యాట్‌మ్యాన్‌గా టీవీ సిరీస్ వచ్చి దేశాన్ని ఊపేసింది. పాత్రల సృష్టికర్తగా టైటిల్స్‌లో కేన్ పేరే వేశారు. అదే ఏడాది గడియారాల రాజు అనే విలన్‌తో సాగే రెండు భాగాల కథను ఫింగర్ తన మిత్రుడు చార్ల్స్ సింక్లెయిర్‌తో కలిసి ఆ సిరీస్‌కు రాశాడు. ఆ రెండు ఎపిసోడ్లకు రచయితగా అతని పేరు తెరమీద పడింది. బ్యాట్‌మ్యాన్‌కు రూపం, పేరు, ఊరు ఇచ్చిన మనిషి ఆ సిరీస్‌కు పని చేసిన అనేకమంది రచయితల్లో ఒకడిగా మాత్రమే కనిపించాడు. ఈ ఒక్క సంగతి చాలు, ఆ అన్యాయం ఎంతటిదో తెలియడానికి.

నిజం ఎవరికీ తెలియక కాదు. 1965లోనే జెర్రీ బెయిల్స్ అనే అభిమాని ఫింగర్ పాత్రను వివరిస్తూ వ్యాసం రాశాడు. కేన్ దాన్ని గట్టిగా ఖండించాడు. 1974 జనవరిలో ఫింగర్ 59 ఏళ్ల వయసులో చనిపోయాడు. 1989లో కేన్ తన ఆత్మకథలో, ఫింగర్‌కు రావలసిన గుర్తింపు రాలేదని ఒప్పుకున్నాడు. అప్పటికి ఫింగర్ పోయి పదిహేనేళ్లు. ఆ తర్వాతా కేన్ ఒక్కడి పేరే కొనసాగింది.

చివరికి కదిలించినవాడు రచయిత మార్క్ టైలర్ నోబుల్‌మ్యాన్. ఫింగర్ మీద పుస్తకం కోసం వెతుకుతూ, వారసులెవరూ లేరని అందరూ అనుకుంటున్న ఆ కుటుంబంలో మనుమరాలు ఎథీనా ఫింగర్ ఉందని కనిపెట్టాడు. పుస్తకం 2012లో వచ్చింది. హక్కు అడగడానికి చట్టపరంగా ఒక మనిషి దొరకడంతో ఎన్నేళ్లుగానో అభిమానులు చెబుతున్న మాటకు కాళ్లొచ్చాయి. 2015 సెప్టెంబరులో బ్యాట్‌మ్యాన్ ప్రచురణకర్త డీసీ సంస్థ ఫింగర్ పేరు వేస్తామని ప్రకటించింది. గోథమ్ టీవీ సిరీస్ రెండో సీజన్, 2016లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్ సినిమా ఆ మాట నిలబెట్టాయి. ఫింగర్ పెట్టిన పేరే టైటిల్‌గా ఉన్న సిరీస్‌లో అతని పేరు పడటానికి 76 ఏళ్లు పట్టింది. అయినా సమాన సృష్టికర్తగా కాదు, కేన్ సృష్టిలో పాలుపంచుకున్న తోడుగా మాత్రమే ఆ వాక్యంలో చోటిచ్చారు.

కొత్త చిక్కులు

పాత అన్యాయాలు కొన్ని సర్దుకున్నా, టీవీ కొత్త చిక్కులు తెచ్చిపెట్టింది. పాత్రను తెరకెక్కించినప్పుడు సృష్టికర్తలకు కొంత వాటా ఇచ్చే పద్ధతి డీసీలో ఉంది. కానీ పాత్ర కొత్తదా, పాతదానికి మార్పా అన్నది సంస్థే తేలుస్తుంది. ద ఫ్లాష్ సిరీస్‌లోని కెయిట్లిన్ స్నో విషయంలో 2015లో రచయిత జెరీ కాన్వే ఈ లెక్కను బయటపెట్టాడు. ఆమె కిల్లర్ ఫ్రాస్ట్ అనే పాత విలన్ నుంచి పుట్టిన పాత్ర కాబట్టి కెయిట్లిన్ పేరుతో కామిక్ రాసి గీసినవారు సృష్టికర్తలు కారు. పాత కిల్లర్ ఫ్రాస్ట్‌ను సృష్టించిన కాన్వే, అల్ మిల్‌గ్రోమ్ ఈ పేరు పెట్టలేదు కాబట్టి వాళ్లూ కారు. చివరికి ఆ పాత్రను ఎవరూ సృష్టించనట్టే తేలింది. ఇలాంటి తర్కంతో డబ్బు మిగలొచ్చు గానీ, ఒక మనిషి ఊహించనిదే ఏ పాత్రా పుట్టదు.

మరో పెద్ద కామిక్స్ సంస్థ మార్వెల్‌లో చిత్రకారుడు జాక్ కిర్బీ వారసులు 2009లో హక్కుల కోసం నోటీసులిచ్చారు. కోర్టుల్లో ఓడిపోయారు. వ్యవహారం సుప్రీంకోర్టు ముందు ఉండగా 2014 సెప్టెంబరులో రాజీ జరిగింది. ఆ తర్వాతే కిర్బీ పేరు రచయిత స్టాన్ లీ పక్కన నిలకడగా కనిపిస్తోంది. కొత్తతరం వారిని ఎక్కువగా ఎపిసోడ్ చివర పరుగెత్తే పేర్లలో, కృతజ్ఞతల జాబితాలో చేర్చి సరిపెడుతున్నారు. వింటర్ సోల్జర్ కథకు ప్రాణం పోసిన ఎడ్ బ్రూబేకర్, ఆ పాత్ర పేరుతో 2021లో సిరీస్ వచ్చినప్పుడు తన నిరాశను దాచుకోలేదు. అంతకుముందు ఆ పాత్రతో వచ్చిన సినిమాలో కొద్ది క్షణాలు నటించినందుకు వచ్చిన డబ్బే పాత్రను సృష్టించినందుకు వచ్చినదానికన్నా ఎక్కువని చెప్పాడు.

హక్కులు తమ దగ్గరే ఉంచుకున్నవారికి ఈ బాధ లేదు. ద బాయ్స్‌కు గార్త్ ఎన్నిస్, డారిక్ రాబర్ట్‌సన్, ఇన్విన్సిబుల్‌కు రాబర్ట్ కిర్క్‌మ్యాన్ బృందం పేర్లు ఎవరినీ బతిమాలకుండానే పడ్డాయి. వాచ్‌మెన్ రచయిత అలన్ మూర్‌ది దీనికి పూర్తిగా ఎదురుదారి. డీసీ సంస్థ మీద కోపంతో అతను తన పేరే వద్దన్నాడు. అందుకే 2019 నాటి వాచ్‌మెన్ సిరీస్‌లో చిత్రకారుడు డేవ్ గిబ్బన్స్ పేరే కనిపిస్తుంది. పేరు వేయించుకునే హక్కుతో పాటు తీయించుకునే హక్కూ సృష్టికర్తదే కాబట్టి ఆ కోరికను మన్నించడం సబబే.

ఇప్పటికీ సర్దని లెక్క ఒకటి ఉంది. వండర్ వుమన్‌ను 1941లో మొదటిసారి గీసి, 1958లో చనిపోయేదాకా గీస్తూనే ఉన్న చిత్రకారుడు హెచ్. జి. పీటర్. 1970లలో లిండా కార్టర్ నటించిన టీవీ సిరీస్ రచయిత విలియం మౌల్టన్ మార్స్‌టన్‌ను అతని కలం పేరుతో ప్రస్తావించి ఊరుకుంది. 2017 సినిమాలోనూ సృష్టికర్తగా మార్స్‌టన్ ఒక్కడే. బొమ్మ లేనిదే కామిక్ లేదు. ఫింగర్ విషయంలో చేసినట్టే పీటర్ పేరు కూడా మార్స్‌టన్ పక్కన చేర్చాలి.