రిజిస్టరు లెక్క, చేతి లెక్క

పెద్దవాళ్ళ చేతుల మీద గుండ్రటి టీకా మచ్చలు మీరు చూసే ఉంటారు. మశూచి రోజుల్లో రిజిస్టరు కంటే ఆ మచ్చే నమ్మదగిన సాక్ష్యమైంది.

1962లో దేశమంతటా మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టారు. మూడేళ్ళలో నూటికి 80 మందికి టీకాలు వెయ్యాలని సంకల్పం. అంకెలైతే బాగానే పెరిగాయి, అమ్మవారు పోయడం మాత్రం ఆగలేదు! బడిపిల్లలు సులువుగా దొరుకుతారు కదా, వరసగా నిలబెట్టి వేసినవాళ్ళకే మళ్ళీ వేశారు. రిజిస్టరులో అదీ ఒక టీకాయే. తల్లి చంకలోని పసిబిడ్డ, కూలికి ఊరు విడిచిన కుటుంబం మటుకు మిగిలిపోయారు. తనిఖీకి వెళ్ళినవాళ్ళు ఇంటింటా చేతులు చూసి మచ్చలు లెక్కపెడితేగాని ఆ సంగతి తేలలేదు. తరువాత రోగం కనిపించిన చోటునే చుట్టుముట్టి టీకాలు వేశారు. 1975తో మన దేశంలో మశూచి ఆఖరైంది.

2017లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 9 నెలలు నిండిన బిడ్డ మొదలు 15 ఏళ్ళలోపు పిల్లలందరికీ, ఇదివరకు వేయించినా సరే, తట్టు-రుబెల్లా టీకా వేశారు. దానికి మచ్చ పడదు. ఎడమ బొటనవేలి గోటికి సిరా పెట్టారు, అదెన్నాళ్ళుంటుంది? సర్వేవాళ్ళు వస్తే ముందు కార్డు అడుగుతారు, లేకపోతే తల్లి చెప్పిందే రాసుకుంటారు. నలుగురు బిడ్డల తల్లి ఏ సూది ఎవరికి పడిందో ఏం చెబుతుంది? నా ఇద్దరి సంగతే నాకు గుర్తు లేదు.