చేప ఐసెక్కిన కథ

స్కాట్లాండ్‌లోని టే నదిలో ఒకప్పుడు సాల్మన్ చేపలు పుష్కలంగా ఉండేవి. వాటికి మంచి ధర పలికేది మాత్రం లండన్‌లో. మధ్యలో రోజుల తరబడి ఓడ ప్రయాణం. అందుకే 18వ శతాబ్దపు వర్తకులు చేపను ఉడికించి, వెనిగర్‌లో ఊరేసి పంపేవారు. లండన్‌కు చేప అందేది, తాజా చేప రుచి అందేది కాదు.

ఆ పద్ధతిని మార్చింది ఒక మాటామంతీ. 1780ల్లో జార్జ్ డెంప్‌స్టర్ అనే స్కాటిష్ పార్లమెంటు సభ్యుడు లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో అలెగ్జాండర్ డాల్రింపుల్‌ను కలిశాడు. డాల్రింపుల్ కుర్రతనంలోనే మద్రాసు వచ్చి కంపెనీ కొలువులో చేరి, తూర్పు సముద్రాల్లో తిరిగి, సముద్ర పటాల తయారీలో పేరు తెచ్చుకున్నవాడు. చైనా జాలర్లు పడవల్లో మంచు వెంట తీసుకెళతారనీ, నడివేసవిలోనూ తీరానికి ఎంతో దూరంలోని ఊళ్లకు పచ్చి చేపను చేరుస్తారనీ ఆయన చెప్పాడు.

డెంప్‌స్టర్ ఈ సంగతిని పెర్త్‌లోని సాల్మన్ వ్యాపారి జాన్ రిచర్డ్‌సన్‌కు ఉత్తరంలో రాశాడు. రిచర్డ్‌సన్ ఐసులో పెట్టి పంపిన సాల్మన్ లండన్‌కు తాజాగా చేరింది. ఆ తర్వాత స్కాట్లాండ్ సాల్మన్ నదుల పక్కన ఐసు గిడ్డంగులు వెలిశాయి. చలికాలంలో పేరుకున్న ఐసును రాతిగోడల మధ్య దాచి వేసవి దాకా వాడేవారు. స్పే నది సముద్రంలో కలిసేచోట 1830లో కట్టిన టగ్నెట్ గిడ్డంగి ఇప్పటికీ ఉంది. నన్నడిగితే ఈ ఘనతలో మొదటి వాటా పేర్లయినా మిగలని ఆ చైనా జాలర్లదే.

ఐసు చేసే పనేమిటో శాస్త్రం చాలా ఆలస్యంగా తేల్చింది. 1929లో అబర్డీన్‌లో మొదలైన టోరీ పరిశోధన కేంద్రం చేప పాడయ్యే తీరును దశాబ్దాలపాటు పరిశీలించింది. చచ్చిన చేపను ముందు దాని సొంత ఎంజైములే మెత్తబరుస్తాయి, ఆపై బాక్టీరియా కుళ్లబెడతాయి. చల్లని సముద్రాల చేపల మీది బాక్టీరియా సున్నా డిగ్రీల దగ్గరా పెరుగుతాయి, కాకపోతే నెమ్మదిగా. సున్నా దగ్గర 12 రోజులు నిలిచే చేప 4 డిగ్రీల దగ్గర సుమారు 6 రోజులు, 10 డిగ్రీల దగ్గర 3 రోజులే నిలుస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ చల్లగానే ఉన్నా కరిగే ఐసుకు సాటిరాదు. పైగా కరిగిన నీరు చేపను కడుగుతూ, ఎండిపోకుండా చూస్తుంది.

రుచిదొక ఎత్తు, ఆరోగ్యానిదొక ఎత్తు. ట్యూనా, కానాగంత వంటి చేపలు వేడిలో ఉండిపోతే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి అలాంటి చేప తిన్నవారిలో కనిపించే లక్షణాలు. ఒకసారి పుట్టిన హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు. తర్వాత ఐసులో పెట్టినా, గడ్డకట్టించినా తగ్గదు. కాబట్టి చల్లదనం వలలోంచి చేప బయటికొచ్చిన గంటల్లోనే అందాలి.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్ దాకా వెళ్లగలగడం ఈ సూత్రం మీదే. బజారులో చేప కొనేటప్పుడు మీరూ ఐసు చూడండి. చేప ఐసు పైన తేలుతోందా, ఐసు మధ్యలో మునిగి ఉందా అని చూసి, మునిగినదే కొనండి. ఇంటికి చేరగానే కడిగి, ఆ పూటే వండండి.