గురక, గొంతు దారి, పళ్ళ ఎక్స్‌రే



బళ్ళో మేము కుఱట్టై అని నేర్చుకున్నదాన్ని ఇంట్లో అవ్వ గురక అనేది. ఏ భాషలో అయినా అది నవ్వులాటే. రైల్వేలో పనిచేసిన రోజుల్లో పగలు లెడ్జరు మీద తల వాల్చేవాణ్ణి మేము సోమరి అనేవాళ్ళం. అది జబ్బు కావచ్చని మాకు తెలియదు.

వైద్యులకే ఆలస్యంగా తెలిసింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడాన్ని 1965లో ఫ్రాన్సులో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో నమోదు చేసి చూపారు. 1976లో గిల్మినో, ఆయన తోటివాళ్ళు దాన్ని స్లీప్ ఆప్నియా సిండ్రోమ్ అన్నారు. 1981లో సిడ్నీలో సలివన్ ముక్కుకు తొడిగే గాలి మిషనుతో చికిత్స చూపారు.

పళ్ళ ఎక్స్‌రే వేరే లైనులో వచ్చింది. రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రే కనుక్కున్నారు. తలను కదలకుండా నిలిపి పక్కనుంచి కొలతకు పనికొచ్చే ఫిల్ము తీసే పద్ధతిని 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హాఫ్రాత్ విడివిడిగా ప్రకటించారు. పళ్ళ వరస, దవడ ఎదుగుదల చూడడానికే అది పుట్టింది. అయితే అదే ఫిల్ములో నాలుక వెనుక గాలి దారి నల్లగా కనబడుతుంది. 1980లలో ఆప్నియా రోగులలో ఆ దారి ఎంత సన్నం, దవడ వెనక్కి ఉందా, నాలుక అడుగు ఎముక కిందికి దిగిందా అని కొలిచారు. ఫిల్ములో ముందు వెనుక కొలతే దొరికేది. 1990ల చివర వచ్చిన కోన్ బీమ్ సీటీ అడ్డకొలత, ఘనపరిమాణం కూడా ఇచ్చింది.

ఇక్కడే మనవాళ్ళు పొరబడకూడదు. ఆ బొమ్మ తీసేది మెలకువగా ఉన్నప్పుడు, ఎక్కువగా కూర్చోబెట్టో నిలబెట్టో. పడుకుని నిద్రపోయాకే కండరాలు సడలి దారి మూసుకుంటుంది. లైను ప్లాను చూసి రాత్రి బండి ఎన్నిసార్లు ఆగిందో చెప్పలేము గదా! దానికి రిజిస్టరు కావాలి. ఆ రిజిస్టరు నిద్ర పరీక్ష. 10 సెకన్లకు తగ్గకుండా ఊపిరి ఆగడం, బాగా తగ్గడం గంటకు ఎన్నిసార్లో అది లెక్కిస్తుంది.

కాబట్టి పళ్ళ డాక్టరు వేరే పనికి తీసిన బొమ్మలో దారి సన్నమని చెబితే తోసివేయకండి. దారి బాగుందంటే నిశ్చింతగానూ ఉండకండి. గురక పెట్టేవాడికి తన ఊపిరి ఆగడం తెలియదు, పక్కన పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది. నవ్వకుండా చెప్పండి, డాక్టరు దగ్గరికి తీసుకుపొండి. మేము ఆనాడు చేయనిది అదే.